చక్రాల మీద ఇల్లు కట్టి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దవాళ్ళు. కట్టిన ఇంటికి చక్రాలు తగిలించి చూడమని మాత్రం ఎవరూ అన్నట్టు లేరు. అని ఉంటే పోయిన వేసవిలో నేను కాస్త ఆగి ఆలోచించుకునేవాణ్ణి.

అమ్మా నాన్నా మొదటిసారి అమెరికా వచ్చారు. నాలుగు ఊళ్ళు తిప్పి చూపించాలి. అమ్మకి బయటి తిండి పడదు, నాన్నకి పెరుగన్నం లేకపోతే నిద్ర పట్టదు. "ఆర్వీ తీసుకో, వంటా అందులోనే, పడకా అందులోనే" అని మా ఆఫీసులో ఒకడు ఎక్కించాడు. తెలియని వాళ్ళకి రెండు ముక్కలు: ఆర్వీ అంటే మన సినిమా హీరోలు షూటింగుల దగ్గర కూర్చునే కారవాన్ లాంటిది. కాకపోతే ఇక్కడ దాన్ని మామూలు జనమే కొనుక్కుంటారు, లేదా మాలాగా అద్దెకి తెచ్చుకుంటారు. ముందు ట్రక్కు ఇంజను, వెనక మంచాలు, పొయ్యి, ఫ్రిజ్జు, బాత్రూము. (కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళేదాన్ని ట్రైలరంటారు. లోపల సరంజామా దాదాపు అదే.) ఫీనిక్స్‌లో ఎక్కి, గ్రాండ్ కాన్యన్, జయాన్ చూసుకుని ఆరు రోజుల్లో తిరిగి రావాలని ప్లాను.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆర్టీసీ గరాజులో పనిచేసి రిటైరయ్యారు. బస్సు చప్పుడు విని జబ్బేంటో చెప్పే రకం. అద్దె ఆఫీసు వాడు బండి చూపిస్తుంటే అమ్మ పొయ్యి చూసింది, నేను ఫోను ఛార్జరు ఎక్కడ పెట్టాలా అని చూశాను, నాన్న వంగి బండి అడుగున చూశారు. లేచి చేతులు దులుపుకుంటూ "ఛాసిస్ బానే ఉందిరా. మిగతాదే..." అని ఆపేశారు. మిగతాదేంటో ఆరు రోజుల్లో తెలిసొచ్చింది.

మొదటిది ట్యాంకు. (భోజనం చేస్తూ చదువుతుంటే ఈ రెండు పేరాలు వదిలెయ్యండి.) బాత్రూములోంచి వచ్చేదంతా బండి కింద ఒక ట్యాంకులో పడుతుంది. అది ఎంత నిండిందో చెప్పడానికి గోడ మీద బుల్లి లైట్లు ఉంటాయి: ఖాళీ, మూడో వంతు, రెండొంతులు, నిండింది. మొదటి సాయంత్రానికే రెండొంతులు చూపించింది. కంగారుపడి చేతికి తొడుగులు వేసుకుని, గొట్టం తగిలించి, అదంతా పారబోసి వచ్చాను. మీట నొక్కితే మళ్ళీ రెండొంతులే. నీళ్ళు పోసి కడిగి మళ్ళీ పారబోశాను. రెండొంతులే. ఆరు రోజులూ, మేము వాడినా వాడకపోయినా, ఆ ట్యాంకు రెండొంతులు నిండే ఉంది.

అందులో మర్మం ఏమీ లేదు. ట్యాంకు గోడకి మూడు ఎత్తుల్లో ఇనప మరలు బిగిస్తారు. నీళ్ళు ఏ మర దాకా వస్తే అక్కడ కరెంటు పారి ఆ లైటు వెలుగుతుంది. మంచినీళ్ళ ట్యాంకులో ఇది చక్కగా పనిచేస్తుంది. ఈ ట్యాంకులో మాత్రం తడి కాగితం వచ్చి మరకి అంటుకుంటుంది, నీళ్ళు దిగిపోయినా కరెంటు పారుతూనే ఉంటుంది. ఇది పరిశ్రమలో అందరికీ దశాబ్దాలుగా తెలిసిన సంగతే. ట్యాంకుకి బయట అంటించే సెన్సార్లు ఎప్పుడో వచ్చాయి, కాస్త ఖరీదు ఎక్కువ, అంతే. మా భాషలో చెప్పాలంటే "తెలిసిన బగ్గు, సరిచేయబోము" అని మూసేసిన టికెట్టు. అసలు ఈ ట్యాంకు గోలే వద్దని 1970ల్లో థర్మసాన్ అని ఒకటి తెచ్చారు. బండి హైవే ఎక్కి ఇంజను బాగా వేడెక్కాక ట్యాంకులోది కొంచెం కొంచెంగా సైలెన్సరు గొట్టంలోకి చిమ్మి కాల్చేసేవాళ్ళు. వెనకాల వచ్చే కారు వాడి సంగతి మీరే ఊహించుకోండి.

రెండో రోజు పొద్దున్న ఫ్రిజ్జు. రాత్రి కాస్త వాలుగా ఉన్న చోట బండి ఆపాం. తెల్లారేసరికి లోపల గోరువెచ్చగా ఉంది, అమ్మ ఇంటి నుంచి జాగ్రత్తగా తోడుతో సహా తెచ్చిన పెరుగు పుల్లగా నురగలు కడుతోంది. "ఒరే, దీన్ని ఫ్రిజ్జంటారా మీ అమెరికాలో?" అంది. మాన్యువల్ తీస్తే బండి సమతలంగా ఉంటేనే ఫ్రిజ్జు పనిచేస్తుందని రాసుంది. పక్కకి మూడు డిగ్రీలు వాలినా కష్టమేనట. రోడ్ల మీదా కొండల మీదా తిరిగే బండిలో, వంగితే పనిచెయ్యని ఫ్రిజ్జు!

తిరిగొచ్చాక ఇది ఎవరి బుర్రలో పుట్టిందో చూద్దామని మొదలుపెడితే రెండు వారాలు ఆ చదువులోనే పోయాయి. చిత్రమేంటంటే, ఆ ఫ్రిజ్జు నిజానికి గొప్ప ఇంజనీరింగు. 1922లో స్టాక్‌హోం టెక్నికల్ యూనివర్సిటీలో బాల్ట్‌జార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్ అనే ఇద్దరు కుర్ర విద్యార్థులు దాన్ని తయారుచేశారు. అందులో మోటారు లేదు, పంపు లేదు, కదిలే ముక్క ఒక్కటి లేదు. అమోనియా, నీళ్ళు, హైడ్రోజను మూసేసిన గొట్టాల్లో తిరుగుతుంటాయి. కింద చిన్న మంట పెడితే పైన చల్లబడుతుంది. ఎలక్ట్రోలక్స్ వాళ్ళు ఆ పేటెంట్లు కొనేసి ఇళ్ళకి అమ్మారు. ఐన్‌స్టీన్ కూడా లియో జిలార్డ్‌తో కలిసి 1920ల చివర్లో ఇలాంటి వాటి మీద పనిచేసి పేటెంట్లు తీసుకున్నాడు, కాబట్టి తక్కువ అంచనా వెయ్యకండి.

చిక్కల్లా ఎక్కడంటే, పంపు లేదు కాబట్టి ద్రవం దాని బరువుతో అదే కిందికి జారాలి. వంటింట్లో కదలకుండా నిలబడితే జారుతుంది. వంగితే ఒక మూల నిలిచిపోతుంది, మంట మాత్రం మండుతూనే ఉంటుంది, బాయిలరు గొట్టం ఉడికిపోతుంది. గొట్టం తుప్పు పట్టకుండా లోపల కలిపిన మందు గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. మళ్ళీ మళ్ళీ ఇలా ఉడికితే ఫ్రిజ్జు పనికిరాకుండా పోతుంది. స్వీడన్ వంటింటి కోసం పుట్టినదాన్ని, గ్యాసు మీద నడుస్తుంది కదా, కరెంటు అక్కర్లేదు కదా అని ఆర్వీలో బిగించేశారు. 2006లో డొమెటిక్ కంపెనీ 9 లక్షలకు పైగా ఫ్రిజ్జుల్ని రీకాల్ చేసింది. బాయిలరు గొట్టానికి చీలిక వచ్చి అగ్నిప్రమాదం జరగొచ్చని కారణం. ఈ మధ్యే కొత్త బళ్ళలో బ్యాటరీ మీద నడిచే కంప్రెసర్ ఫ్రిజ్జులు వస్తున్నాయి. మాకు దొరికింది పాత రకం.

మూడో రోజు వాన. ఎడారిలో వాన ఏంటనకండి, జూలైలో అక్కడ సాయంత్రాలు కుండపోతే. మంచం పైన మూల నుంచి చుక్క, చుక్క. అమ్మ గిన్నె పెట్టింది.

ఆ చుక్క గురించే నేను ఈ టపా మొదలుపెట్టింది అసలు. ఎందుకంటే ఈ పరిశ్రమ వానలో తడిసిన ఒక మనిషి కోపంలోంచే పెద్దదయింది. కారు వెనక గుడారం మడిచి తీసుకెళ్ళే బళ్ళు అంతకుముందే ఉండేవి. డెట్రాయిట్‌లో ఆర్థర్ షెర్మన్ అని ఒకాయన. బాక్టీరియాలజిస్టు, ఒక మందుల కంపెనీకి ప్రెసిడెంటు. 1920ల చివర్లో అలాంటి గుడారం బండి ఒకటి కొన్నాడు. నిమిషాల్లో విప్పేయొచ్చని ప్రకటనలో ఉంది. పెళ్ళాం పిల్లలతో మొదటి రాత్రి వానలో దిగి విప్పబోతే అది విచ్చుకోలేదు, అందరూ ముద్దయిపోయారు. ఇలా కాదని ఊళ్ళో వడ్రంగిని పిలిచి 6 అడుగుల వెడల్పు, 9 అడుగుల పొడవు పెట్టె ఒకటి గట్టి గోడలతో కట్టించుకున్నాడు. లోపల అల్మరాలు, ఐసుపెట్టె, పొయ్యి, మధ్యలో సన్నటి నడవ. పిల్లలు దానికి పెట్టిన ముద్దు పేరు కవర్డ్ వాగన్. 1930 జనవరిలో డెట్రాయిట్ ఆటో షోలో 400 డాలర్లకి పెట్టాడు. ఆర్థిక మాంద్యం రోజుల్లో! 1936కల్లా ఏడాదికి 6,000 దాకా అమ్మి దేశంలో అతి పెద్ద ట్రైలరు కంపెనీ అయి కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళలో సగం అమెరికా ట్రైలర్లలోనే కాపరం ఉంటుందని రోజర్ బాబ్సన్ అనే ఆర్థిక పండితుడు ఆ రోజుల్లోనే జోస్యం కూడా చెప్పాడు. (పండితుల జోస్యాలు అన్ని దేశాల్లోనూ ఒకటే.)

అంటే చూడండి, వాడేవాడే కట్టుకున్న బండి అది. తడిసినవాడు తడవకుండా కట్టుకున్నాడు. ఇది జరిగి తొంభై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ ఆర్వీ వాళ్ళ మొట్టమొదటి ఫిర్యాదు నీళ్ళు కారడమే.

ఎందుకు కారదు చెప్పండి? కప్పుకి ఎన్ని చిల్లులు! ఏసీకి ఒకటి, పొగ పోవడానికి ఒకటి, గాలికి రెండు, యాంటెన్నాకి ఒకటి, నిచ్చెన మరలకి పది. ప్రతి చిల్లు చుట్టూ జిగురు పూస్తారు. అది ఎండకి పగులుతుంది, మనమే ఏటా ఎక్కి చూసుకుని మళ్ళీ పూసుకోవాలి. 60 మైళ్ళ వేగంతో పోతుంటే ఇల్లంతా భూకంపంలో ఉన్నట్టు ఊగుతుంది, సందులు వదులవుతాయి. అమెరికన్లు దేవుడిలా చూసుకునే ఎయిర్‌స్ట్రీమ్ అల్యూమినియం ట్రైలర్లు ఉన్నాయే, చంద్రుడి మీద నుంచి వచ్చిన అపోలో 11 వ్యోమగాముల్ని క్వారంటైన్‌లో పెట్టింది అలాంటిదాన్నే మార్చిన పెట్టెలో. వాటిలో కూడా 1970ల నాటి పొడుగు మోడళ్ళలో వెనక మూల నీళ్ళు దిగి, నేల ప్లైవుడ్డు కుళ్ళి, పైడొల్ల ఛాసిస్ నుంచి ఊడొచ్చేది. మిగతావాటిలో గోడలంటే రెండు పలచటి రేకుల మధ్య థర్మోకోలు పెట్టి అంటించినవి. విన్నెబాగో కంపెనీ అయోవాలో 1966 నుంచి మోటారు ఇళ్ళని కార్లలా అసెంబ్లీ లైను మీద చవగ్గా దింపగలిగిందంటే ఇలాంటి పలకలే ఒక కారణం. తేలిగ్గా ఉంటాయి, వెచ్చగా ఉంటాయి. లోపలికి నీళ్ళు దిగితే మాత్రం జిగురు వదిలేసి గోడ అప్పడంలా ఉబ్బుతుంది.

నాన్న ఆ రాత్రి టార్చి వేసుకుని చుక్క పడుతున్న మూల చెక్క గోకి చూశారు. గోటికి పొట్టు రాలింది. "ఇది చెక్క కాదురా. రంపపు పొట్టూ జిగురూను" అన్నారు. ఆ జిగురు సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.

బాగా కట్టడం చేతకాక కాదు. ఒకసారి చేసి చూపించారు కూడా. 1973లో జనరల్ మోటార్స్ వాళ్ళు జీఎంసీ మోటార్‌హోం అని ఒకటి దింపారు. వేరేవాళ్ళ ట్రక్కు ఛాసిస్ తెచ్చి దాని మీద పెట్టె పెట్టడం కాదు, మొత్తం బండిని ఒకే చోట ఒకే బండిగా ఆలోచించి గీశారు. ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడో కారు ఇంజను, ముందు చక్రాలకే పవరు. వెనక్కి షాఫ్టు లేదు కాబట్టి నేల బాగా కిందికి వచ్చింది, ఒక్క మెట్టుతో లోపలికి ఎక్కేయొచ్చు. (మా బండి ఎక్కడానికి అమ్మకి స్టూలు వేశాం.) వెనక గాలి సస్పెన్షను, ఒళ్ళు అల్యూమినియం, ఫైబర్‌గ్లాసు. అదృష్టం బాలేదు, అదే ఏడాది అక్టోబరులో చమురు సంక్షోభం వచ్చి పడింది. 1978లో ఆపేశారు. మొత్తం 13,000 కూడా చెయ్యలేదు. వాటిని ఇప్పటికీ ప్రాణంగా చూసుకుంటూ నడుపుతున్నవాళ్ళున్నారు. ఫొటో చూపిస్తే నాన్న చాలాసేపు చూసి "దీన్ని బస్సు కట్టేవాడెవడో కట్టాడు" అన్నారు. ఆయన దగ్గర అంతకంటే పెద్ద సర్టిఫికెట్టు లేదు.

ఆ మాట మీద మా ఇద్దరికీ చర్చ నడిచింది. నా వాదన, వస్తువులన్నీ తలా ఒక చోట నుంచి తెచ్చి అతికించడమే తప్పని. ఛాసిస్ ఫోర్డుది, ఫ్రిజ్జు ఒకడిది, హీటరు ఇంకొకడిది, ఆర్వీ కంపెనీ చేసేది కూర్పు మాత్రమే. పాడైతే ఒకడి మీద ఒకడు తోసుకుంటారు. మా ఆఫీసులో రోజూ చూసే బాగోతమే. నాన్న ఒప్పుకోలేదు. "మేమూ ఛాసిస్ కొని బాడీ కట్టుకున్న వాళ్ళమే కదరా" అన్నారు. నిజమే. మన ఆర్టీసీ కంపెనీల నుంచి ఛాసిస్సులు కొని మియాపూరు వర్క్‌షాపులో బాడీలు తనే కట్టించుకునేది. మరి అవి వానాకాలం, ఎండాకాలం, గతుకుల్లో లక్షల కిలోమీటర్లు ఎలా తిరిగాయి? ఆయన జవాబు సింపులు: కట్టిన బస్సు డిపోకే వచ్చేది. కిటికీలోంచి నీళ్ళు పడితే మర్నాడు డ్రైవరు వచ్చి గరాజులో తిట్టేవాడు, డిపో వాళ్ళు మియాపూరుకి రాసేవాళ్ళు. తిట్టు తిన్నవాడు తర్వాతి బస్సుకి జాగ్రత్తపడేవాడు. (ఆర్టీసీ బస్సులు కారలేదా అంటే కారాయి, నేను తడుస్తూ కాలేజీకి వెళ్ళినవాణ్ణే. ఆ మాట అంటే నాన్నకి కోపం.)

ఇది నా వాదన కంటే గట్టిదని తర్వాత చదువుతుంటే అర్థమయింది. అమెరికా ఆర్వీల్లో సింహభాగం ఇండియానా రాష్ట్రంలో ఎల్కార్ట్ అనే ఒక్క ఊరి చుట్టుపక్కలే తయారవుతాయి. అక్కడ చాలా ఫ్యాక్టరీల్లో కూలి గంటకి కాదు, బండికి. తెల్లవారకముందే మొదలుపెట్టి ఆ రోజు కోటా అవగొట్టి ఇంటికెళ్ళిపోతారు. ఒక మర సరిగ్గా పట్టకపోతే విప్పి మళ్ళీ బిగించే టైము వాళ్ళ జేబులోంచి పోతుంది. వాళ్ళని ఏమనగలం? బండి వెయ్యి మైళ్ళ అవతల ఒక డీలరు దగ్గరికి పోతుంది. కొన్నాయన ఏడాదికి రెండు వారాలు వాడి, మిగతా రోజులు టార్పాలిను కప్పి పెడతాడు. కారుతోందని తెలిసేసరికే వారంటీ దాటుతుంది. ఇంతకీ పాడైన కొత్త కార్లు వెనక్కి ఇచ్చెయ్యడానికి అమెరికాలో "నిమ్మకాయ చట్టాలు" ఉన్నాయి, 1982లో కనెటికట్‌తో మొదలై అన్ని రాష్ట్రాల్లోనూ వచ్చాయి. ఆర్వీల పుట్టినిల్లు ఇండియానా చట్టంలో మాత్రం మోటారు ఇళ్ళు ఈ లెక్కలోకి రావని స్పష్టంగా రాసి ఉంది. కంపెనీ మార్చి చూద్దామన్నా ఎక్కడికి పోతారు? ఎయిర్‌స్ట్రీమ్, కీస్టోన్, జేకో మూడూ థోర్ చేతిలోవే. ఫారెస్ట్ రివర్ 2005 నుంచి వారెన్ బఫెట్ గారి కంపెనీది. కరోనా టైములో జనం ఎగబడితే 2021లో 6 లక్షలకు పైగా బళ్ళు ఫ్యాక్టరీలు దాటాయి. 2023కి అందులో దాదాపు సగానికి పడిపోయింది.

ఇక్కడిదాకా ఇది డబ్బున్నవాళ్ళ సెలవుల కష్టాలే. పెరుగు పులిసింది, పక్క తడిసింది, అంతేగా. ఇల్లు పోయి అందులోనే ఉండాల్సి వచ్చినవాళ్ళ మాట వేరు.

2005 ఆగస్టులో కత్రినా తుఫాను లూయిజియానా, మిసిసిపీ తీరాల్ని ఊడ్చేసింది. ఇళ్ళు పోయినవాళ్ళ కోసం ఫెమా, అంటే ఇక్కడి విపత్తు సహాయ సంస్థ, లక్షకు పైగా ట్రైలర్లు తెచ్చి నిలబెట్టింది. చాలావాటిని ఆదరాబాదరాగా చేయించారు. ఏడాదికి రెండు వారాల కోసం లెక్కేసిన పెట్టెలో కుటుంబాలు నెలలు, ఏళ్ళు ఉన్నాయి. కళ్ళ మంటలు, దగ్గు, ముక్కుల్లోంచి రక్తం, పిల్లలకి ఆయాసం. కారణం నాన్న గోటికి రాలిన ఆ పొట్టు లాంటిదే. పలకల్ని అతికించే జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు వస్తుంది. చిన్న గది, తక్కువ గాలి, ఆ తీరంలో ఉండే వేడీ ఉక్కపోతా అన్నీ కలిస్తే అది ఇంకా ఎక్కువ వస్తుంది. సెలవులకి వెళ్ళినవాడు కిటికీలు తీసి బయట కూర్చుంటాడు. వీళ్ళు రాత్రీ పగలూ లోపలే.

2007 జూలైలో అమెరికా కాంగ్రెసు విచారణలో ఫెమా లోపలి ఉత్తరాలు బయటికొచ్చాయి. పరీక్షలు చేయిస్తే ఫలితాలు తెలుస్తాయి, తెలిశాక ఏదో ఒకటి చెయ్యాల్సిన బాధ్యత మీద పడుతుంది, కాబట్టి మేము చెప్పేదాకా చేయించొద్దని సంస్థ లాయర్లే అంతకు ముందు ఏడాది సలహా ఇచ్చారు. చివరికి సీడీసీ వాళ్ళు 2007 డిసెంబరు, 2008 జనవరిల్లో 519 ట్రైలర్లలో, మొబైల్ ఇళ్ళలో గాలి పరీక్షించారు. సగటున వంద కోట్ల పాళ్ళలో 77 పాళ్ళు వచ్చింది. మామూలు ఇళ్ళలో ఉండేదానికి ఎన్నో రెట్లు ఎక్కువ, అదీ చలికాలంలో కొలిస్తే. ఆ ఎండాకాలాలు గడిపినవాళ్ళు పీల్చిందెంతో మరి.

చెక్క పలకల జిగురుకి దేశమంతటికీ పరిమితులు పెడుతూ 2010లో చట్టం చేశారు. కోర్టు కేసు 2012లో 4 కోట్ల 26 లక్షల డాలర్లకి తెగింది. పంచుకోవాల్సిన బాధితులు 55,000 మంది దాకా. తలకి ఎంతొచ్చిందో లెక్కేసుకోండి, లాయర్ల వాటా తీసేశాక.

ఆ ట్రైలర్లనేం చేశారని మా నాన్న అడిగారు. ఆర్టీసీ మనిషి కదా, పాత బండి ఎక్కడికి పోతుందో తెలియందే నిద్రపోరు. ఇళ్ళుగా వాడకూడదని స్టిక్కర్లు అంటించి ప్రభుత్వం వేలంలో అమ్మేసింది. 2010లో గల్ఫ్ సముద్రంలో చమురు బావి పేలి ఒడ్డంతా జిడ్డయినప్పుడు, దాన్ని కడగడానికి వచ్చిన కూలీల బసల దగ్గర అవే ట్రైలర్లు మళ్ళీ కనిపించాయి. కొన్నిటి మీద స్టిక్కర్లు లేవు.